అపార్ట్‌మెంట్‌లో పంటకు చోటెక్కడ? మిద్దె గురించి తర్వాత ఆలోచిద్దాం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పన్నెండు కుటుంబాలు కలిసి హైదరాబాద్ శివార్లలో 900 గజాల స్థలం కొన్నారు. కింద స్తంభాల మధ్య కార్లకు స్టిల్ట్ పార్కింగ్, పైన నాలుగంతస్తులు, అంతస్తుకు మూడు ఫ్లాట్లు. స్లాబులు ఇంకా పడలేదు. పిల్లలకు బియ్యం చెట్టు ఎలా ఉంటుందో కూడా తెలియకుండా పోతోందని మీ దిగులు. ఆర్కిటెక్టేమో ముందు గోడ మీద వర్టికల్ గార్డెన్ (గోడ పొడవునా జేబుల్లో మొక్కలు), పైన మిద్దెతోట పెడదామంటున్నారు. ఇవి నిజంగా పనిచేస్తాయా, ఫొటోలకేనా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. భవనం మనుషుల్ని పంటకు దగ్గర చేయగలదు. అయితే మీరనుకుంటున్న చోట కాదు. పంట మీ రోజువారీ నడక దారిలో ఉండాలి. గేటు నుంచి లిఫ్టు దాకా, వంటింటి నుంచి చెత్తబుట్ట దాకా మీరు ఎలాగూ నడుస్తారు కదా, అక్కడ ఉండాలి. మిద్దె నా లెక్కలో మూడో స్థానం. వర్టికల్ గార్డెన్‌కు అసలు స్థానమే లేదు, ఎందుకో తర్వాత చెప్తాను.

నేను హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, రెండు మూడు బళ్లు డిజైన్ చేశాను. ఈ విషయంలో నాకు తెలిసిందంతా చేసిన తప్పుల వల్ల తెలిసిందే.

మొదటి తప్పు నగరానికి పడమటి వైపు కట్టిన ఒక తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్లో జరిగింది. మిద్దె మీద పద్దెనిమిది మడులు కట్టించాం, షేడ్ నెట్ వేశాం. గృహప్రవేశాల రోజు అందరూ పైకొచ్చి ఫొటోలు దిగారు. ఎనిమిది నెలల తర్వాత వెళ్లి చూస్తే మడుల్లో ఎండిన గడ్డి, రెండు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, పావురాల రెట్ట. ఏం జరిగిందంటే, లిఫ్టు తొమ్మిదో అంతస్తు దాకే. పైకి ఒక వరస మెట్లు ఎక్కాలి. పిల్లలు పిట్టగోడ ఎక్కుతారేమోనని అసోసియేషన్ వాళ్లు తలుపుకు తాళం వేశారు. తాళం చెవి సెక్రటరీ గారి దగ్గర. పైన కొళాయి ఒక్కటే, అది కూడా ట్యాంకు వెనక. సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి వచ్చినాయన తాళం చెవి అడిగి తెచ్చుకుని, మెట్లెక్కి, పైపు లాగి నీళ్లు పోస్తాడా? పోయడు. తప్పు వాళ్లది కాదు. తొమ్మిదంతస్తుల మీద ఒక పొలం పెట్టి, దానికి దారి వేయడం మర్చిపోయినవాణ్ణి నేను.

మాది నల్గొండ వైపు ఊరు. మా తాత కట్టిన భవంతి ఇంట్లో పెరడుకు ఎవరూ పనిగట్టుకుని వెళ్లేవాళ్లు కాదు. ఇంట్లో ఏ పనికైనా దారి పెరట్లోంచే. స్నానం చేసిన నీళ్లు కాలవలో పడి అరటి పాదుకు పోయేవి. గిన్నెలు తోమిన చోట పుదీనా, చేమ. బాయి దగ్గర బచ్చలి తీగ. పొయ్యిలో బూడిద చిక్కుడు పాదుకు. పేడా చెత్తా పెంటకుప్పలోకి, అక్కడి నుంచి ఎండాకాలంలో బండి మీద పొలానికి. వడ్ల గుమ్మి ఇంటి మధ్యలోనే ఉండేది. అది తరిగిపోతుంటే ఏడాదిలో ఎన్ని నెలలు గడిచాయో పిల్లలకు కూడా తెలిసేది. ఆ ఇంటికి ఆర్కిటెక్టు లేడు. వంట, నీళ్లు, చెత్త, మొక్క ఈ నాలుగూ పది అడుగుల లోపల ఉండేవి, అంతే. అపార్ట్‌మెంట్లో మనం ఈ నాలుగింటినీ నాలుగు దిక్కులకు పంపాం. నీళ్లు పైపులోంచి డ్రైనేజీకి, చెత్త బండికి, మొక్క లాబీలో కుండీకి, కూరగాయలు యాప్‌లోంచి. మళ్లీ దగ్గరకు తేవడమే మీ ఆర్కిటెక్టు చేయాల్సిన పని.

పంట ఎంత వస్తుంది? ఇక్కడ అబద్ధం చెప్పుకోకూడదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. మీరు పన్నెండు కుటుంబాలంటే ఓ 45 మంది అనుకుందాం. రోజుకు 18 కిలోలు, నెలకు 540. మీ స్థలంలో ఎంత గింజుకున్నా 40 చదరపు మీటర్ల మడులు తీయగలరు. బాగా చూసుకుంటే సీజన్లో చదరపు మీటరుకు నెలకు కిలో, కిలోన్నర ఆకుకూర వస్తుందని నా అనుభవం. అంటే నెలకు 40 నుంచి 60 కిలోలు. మీ అవసరంలో పదో వంతు. కూరగాయల ఖర్చు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ అమ్మాయి మెంతులు చల్లి మూడు నాలుగు వారాల్లో కూర కోసుకొస్తుంది, లాభం అదీ.

ఇక చోట్ల సంగతి, నా వరస ప్రకారం.

మొదటిది నేల, గేటు దగ్గర. తూర్పు వైపు సెట్‌బ్యాక్, అంటే కాంపౌండ్ గోడకూ భవనానికీ మధ్య వదిలే ఖాళీ, ఉంటే అదే మీ బంగారం. పొద్దుటి ఎండ మొక్కకు మంచిది, పడమటి ఎండ ఏప్రిల్, మే నెలల్లో కాల్చేస్తుంది. అయితే అందరూ చేసే పొరపాటొకటి ఉంది. ఏడడుగుల కాంపౌండ్ గోడ కట్టి, దాని నీడలో మొక్కలు పెడతారు. తూర్పు గోడను మూడడుగులు కట్టి పైన గ్రిల్ పెట్టించండి. ఆ గ్రిల్లుకే దొండ పాదు పాకించొచ్చు. దొండ ఒకసారి పట్టుకుంటే ఏళ్లతరబడి కాస్తూనే ఉంటుంది, సోమరులకు అంతకన్నా మంచి తీగ లేదు. గేటు నుంచి లిఫ్టుకు వెళ్లే దారి మీద పందిరి వేసి బీర, సొర పాకించండి. సొరకాయ తలకు తగిలేంత కిందికి వేలాడితే తల ఎత్తి చూడని మనిషిని నేనింకా చూడలేదు. ఫైరింజను తిరగాల్సిన వైపు మాత్రం ఏదీ కట్టొద్దు.

మునగ చెట్టు అందరూ అడుగుతారు. పెట్టండి, కానీ కార్లకు దూరంగా. కొమ్మ పెళుసు, గాలివానకు విరిగి అద్దం మీద పడుతుంది. గొంగళి పురుగులు పట్టిన ఏడాది ఆ చెట్టు కొట్టేయమని మీ వాట్సాప్ గ్రూపే తీర్మానం చేస్తుంది. కరివేపాకు, నిమ్మ లిఫ్టు దగ్గర పెట్టుకోండి.

రెండోది వంటింటి పక్క యుటిలిటీ బాల్కనీ. బిల్డర్లు దీన్ని వాషింగ్ మెషిన్ పట్టేంత మాత్రమే ఇస్తారు. ఇంకో రెండడుగులు పెంచి, పిట్టగోడకు ఆనుకుని లోపలి వైపు 18 అంగుళాల లోతు తొట్టి ఇమ్మనండి. డ్రైన్ పైపు, కొళాయి అక్కడే. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఈ తొట్టి బరువు ముందే చెప్పాలి, ఎందుకంటే బాల్కనీ తరచు కాంటిలీవర్, అంటే కింద స్తంభం లేకుండా బయటికి పొడుచుకొచ్చిన స్లాబు. ఎండ సంగతి కూడా చూసుకోండి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం నీడ మాయమవుతుందని పేపర్లో చదివే ఉంటారు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అంటే ఉత్తరపు బాల్కనీకి ఎండాకాలంలోనే ఎండ. దక్షిణపు బాల్కనీకి చలికాలంలో ఎండ లోపలి దాకా వస్తుంది. మెంతి, పాలకూర, కొత్తిమీర చక్కగా వచ్చే కాలం సరిగ్గా అదే. కాబట్టి దక్షిణపు ఫ్లాటు వాళ్లకు ఆకుకూరల తొట్టి, ఉత్తరపు వాళ్లకు పుదీనాతో సరి. ఆకుకూరకు మూడు నాలుగు గంటల ఎండ చాలు. వంకాయ, టమాట, బెండకు ఆరు గంటలు లేకపోతే ఆకులే మిగులుతాయి.

మూడోది మిద్దె. పెట్టొద్దనను. మీవి నాలుగంతస్తులే కాబట్టి నా తొమ్మిదంతస్తుల కథ మీకు పూర్తిగా వర్తించదు. లిఫ్టు మిద్దె దాకా వెళ్తుందా, పిట్టగోడ పిల్లలు ఎక్కలేనంత ఎత్తు ఉందా, మూడు చోట్ల కొళాయిలు ఉన్నాయా? ఈ మూడూ అవును అయితే పెట్టండి. కానీ బరువు లెక్క ఇప్పుడే తేల్చుకోవాలి, తర్వాత కుదరదు.

మామూలుగా మనుషులు తిరిగే మిద్దెకు భవనాల బరువులకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల లైవ్ లోడ్ (మనుషులు, సామాను వల్ల పడే బరువు) తీసుకుంటారు. అంటే దాదాపు 150 కిలోలు. ఒక అడుగు లోతు ఎర్రమట్టి తడిస్తే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. లెక్క మీరే చూసుకోండి. మట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ కలిపిన తేలిక మిశ్రమం ఎనిమిది అంగుళాలు వేస్తే తడిసినా 200 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అదీ 150 దాటినట్టే. అందుకే మడులు ఎక్కడ వస్తాయో ముందే గీసి, స్లాబులో ఆ భాగాలకు మాత్రం చదరపు మీటరుకు 4 కిలోన్యూటన్లు (దాదాపు 400 కిలోలు) అదనంగా తీసుకోమని మీ స్ట్రక్చరల్ ఇంజనీరును అడగండి. మొత్తం మిద్దెకు అక్కర్లేదు. స్లాబు పడకముందు ఇది కొంచెం ఎక్కువ స్టీలుతో పోతుంది. పడ్డాక అడిగితే కుండీలు దూలాల మీద, స్తంభాల మీద సర్దుకోవడమే గతి.

లీకేజీ గురించి ఒక చిన్న కథ. ఒక రిటైర్డ్ టీచరు గారి డూప్లెక్స్. నేను వద్దన్నా వినకుండా మేస్త్రీ "ఏం కాదు సార్" అని స్లాబు మీద నేరుగా రెండు వరసల ఇటుకలు పేర్చి మట్టి నింపేశాడు. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో వానాకాలం పూజగది పైకప్పులో చెమ్మ. మట్టంతా దింపి చూస్తే వేళ్లు వాటర్‌ప్రూఫింగ్ పొర చీల్చుకుని పోయాయి. ఆవిడ ఆ తర్వాత కుండీ పేరెత్తితేనే ఒప్పుకోలేదు. మడి ఏదైనా సరే, ఆరు నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తు స్టాండు మీద ఉండాలి. కింద చీపురు దూరాలి, నీరు ఎక్కడ కారుతుందో కంటికి కనపడాలి. స్లాబుకు వాననీళ్లు దిగే పైపు వైపు వాలు సరిగ్గా ఉందో లేదో బకెట్ నీళ్లు పోసి మీరే చూసుకోండి.

నీళ్లు. ఇక్కడ ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. మీ మిద్దె 400 చదరపు మీటర్లనుకుంటే, వృథా పోగా రెండున్నర లక్షల లీటర్లు. కానీ అది దాదాపు అంతా జూన్ నుంచి అక్టోబరు లోపల పడుతుంది, మొక్కకు దాహం మాత్రం మార్చి నుంచి. 40 చదరపు మీటర్ల మడులకు ఎండాకాలంలో రోజుకు 200 నుంచి 250 లీటర్లు కావాలి. వాననీటికి 20,000 లీటర్ల సంపు విడిగా కట్టుకుంటే ఎనభై నుంచి వంద రోజులు వస్తుంది. మీ శివార్లలో బోర్ల పరిస్థితి నేను వేరే చెప్పాలా. ఏసీ నీళ్లు మొక్కలకు మంచివే. ఆర్వో వదిలేసిన నీళ్లు మాత్రం ఉప్పు ఎక్కువైతే ఆకుకూర మాడుతుంది. వాటితో నేల కడుక్కోండి.

ఇప్పుడు అందరూ పక్కన పెట్టే విషయం. కంపోస్ట్ గుంత ఎక్కడుందో దాన్ని బట్టే తోట బతుకుతుంది. మీలాంటి పన్నెండు ఇళ్లకు రోజుకు ఎనిమిది, పది కిలోల తడి చెత్త వస్తుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీల తడి చెత్తను వీలైనంతవరకు లోపలే కంపోస్ట్ చేయమన్నాయి. మీది అంత పెద్దది కాదు, అయినా చేయండి. మూడడుగుల ఇటుక గుంతలు మూడు, గోడలకు గాలి కంతలు, పైన మూత. ఒకటి నిండేసరికి ముందుది పండుతుంది, మన వేడికి రెండు నెలలు చాలు. తడి చెత్త వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకులు వేస్తే వాసన రాదు, వేయకపోతే కింది ఫ్లాటు వాళ్లతో గొడవ ఖాయం. ఈ గుంతలు జనరేటరు వెనక దాచొద్దు. గేటు దగ్గర, మడుల పక్కనే పెట్టండి. అప్పుడు రోజూ ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి చెత్త చేతబట్టుకుని మడుల దాకా వస్తాడు. పాలకూర ముదిరిపోతోందని గమనించేది ఆ చెత్త తెచ్చిన మనిషే.

ఇలా కుదిరిన చోటు ఒకటుంది. ముప్పై ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్, మరమ్మతుల పని నాకొచ్చింది. వాచ్‌మన్ గది పక్కన పనికిరాని పూలపట్టీని పన్నెండు మడులు చేశాం. వాచ్‌మన్ పాలమూరు నుంచి వచ్చిన రైతు, నాలుగు బోర్లు వేసి అప్పులపాలై పట్నం చేరినవాడు. ముప్పై ఇళ్లలో సేద్యం తెలిసినవాళ్లు ఆయనా, ఆయన భార్యే. మొదట్లో జనం ఆయన్ని "నీళ్లు పోయి" అని పురమాయించేవాళ్లు. ఆర్నెల్లకు "అన్నా, ఈ వంగకు పుచ్చు పట్టింది, ఏం కొట్టాలి?" అని అడగడం మొదలుపెట్టారు. రెండు మడులు పూర్తిగా ఆ దంపతులకే ఇవ్వమని నేను పట్టుబట్టాను, కొందరు గొణిగారు, చివరికి ఇచ్చారు. మీరు కూడా వాచ్‌మన్ గదిని మెట్ల కింద ఇరుకు చీకట్లో కాకుండా మడుల ఎదురుగా, కిటికీతో కట్టండి. ఆయన పనికి జీతంలో లెక్క వేయండి.

అక్కడే ఒక జూన్‌లో ఒక మడిలో పల్లీలు వేయించాం. నాలుగు నెలలకు పీకే రోజు పిల్లలందర్నీ పిలిచారు. కాయ నేలలోంచి రావడం చూసి పిల్లల కంటే వాళ్ల నాన్నలు ఎక్కువ ఆశ్చర్యపోయారు. ఒకాయన, సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు, "పువ్వు పైన పూసి కాయ కింద ఎట్లా కాసింది?" అని అడిగితే వాచ్‌మన్ భార్య చెట్టు చేతిలో పట్టుకుని ఊడ చూపించి చెప్పింది. ఆ పల్లీలు మొత్తం రెండు కిలోలు కూడా లేవు.

గొడవలూ ఉన్నాయి, దాచను. ఉమ్మడి మడిలో వంకాయలు ఎవరు కోశారన్న దాని మీద వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు యుద్ధం. అప్పటి నుంచి నా నియమం: కాయగూరలు ఎవరి మడిలో వాళ్లవి, ఉమ్మడి చోట కరివేపాకు, పుదీనా, నిమ్మ, దొండ మాత్రమే. కోసినా మళ్లీ వచ్చేవాటి మీద ఎవరూ కొట్లాడరు. మీ శివార్లలో కోతులు ఉంటే పైన వల తప్పదు, ఆ ఖర్చు ముందే వేసుకోండి.

బయటి దేశాల ఉదాహరణలు మీ ఆర్కిటెక్టు చూపించే ఉంటారు. టోక్యోలో పసోనా అనే కంపెనీ 2010లో తన ఆఫీసు లాబీలోనే వరి మడి పెట్టింది, దీపాల వెలుతురుతో. చూడ్డానికి అద్భుతం. కానీ కరెంటుతో పండే వరి మనకెందుకు? నాకు నచ్చినవి రెండు. వియత్నాంలోని డాంగ్ నాయ్‌లో చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం 2013లో కట్టిన బడి. మూడు వలయాలు మెలి తిరిగినట్టున్న పైకప్పు నేల దాకా దిగుతుంది. పిల్లలు ఆడుకుంటూ పరుగెత్తి పైకి పోతే అక్కడ కూరగాయల మడులు. మెట్లు లేవు, తాళం లేదు. రెండోది సింగపూర్‌లోని కాంపుంగ్ అడ్మిరాల్టీ, 2018లో వరల్డ్ బిల్డింగ్ ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది. పెద్దవాళ్ల ఫ్లాట్లు, వైద్య కేంద్రం, భోజనశాల ఒకే కట్టడంలో పెట్టి, పైన వాళ్లే సాగు చేసుకునే తోట ఇచ్చారు. టైమున్న మనుషుల గుమ్మం ముందు తోట పెట్టారు. మీ పన్నెండు కుటుంబాల్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఏ ఫ్లాట్లలో ఉంటారో అడిగి, వాళ్లకు మడులు కనబడేలా కిటికీలు పెట్టించండి.

వర్టికల్ గార్డెన్ సంగతి చెప్తానన్నాను. ఆ చిన్న చిన్న జేబుల్లో మట్టి గుప్పెడు. మన ఎండకు డ్రిప్పు ఒక్కరోజు ఆగితే అంతా మాడుతుంది. మొక్కలు మార్చడానికి మనిషి నిచ్చెన వేసుకుని రావాలి. దాన్నుంచి కూరకు ఆకు తెంపుకున్నవాళ్లను నేను చూడలేదు. ఆ డబ్బుతో సంపు కట్టుకోండి. మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచే హైడ్రోపోనిక్స్ సరదాకు బాగానే ఉంటుంది, కానీ పిల్లలకు మట్టి చూపించాలన్న మీ దిగులు దానితో తీరదు.

పండించడం ఒక్కటే కాదు, ఇంకో చిన్న ఏర్పాటు చేయించండి. మీకు మిగతా తొంభై శాతం కూరగాయలు బయటి నుంచే రావాలి కదా. గేటు పక్కన, రోడ్డు వైపు తెరుచుకునేలా, ఎనిమిదడుగుల అరుగు, పైన రేకు నీడ, ఒక కొళాయి. శివారు రైతులు మోటారు సైకిల్ మీద తట్టలు కట్టుకుని కాలనీలకు వస్తుంటారు, వారానికి రెండు రోజులు ఇక్కడ కూర్చోమనండి. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు ఉన్న ఆలోచనే ఇది, మధ్యలో దళారీ లేకుండా పండించినవాడి మొహం చూసి కొనడం. మీ అరుగు దానికి చిన్న కొడుకు లాంటిది. వానొస్తే మనిషి తడవకుండా కూర్చునే చోటు ఇస్తే వాళ్లు రోజు తప్పకుండా వస్తారు, నేను రెండు చోట్ల చూశాను. ఏ తేదీకి ఏ కూర చవకవుతుందో, వానలు లేకపోతే బెండ ఎందుకు రాలేదో మీ పిల్లలకు వాళ్లే చెప్తారు.

ఖర్చు గురించి అడగలేదు గానీ, గ్రిల్లు, అరుగు, గుంతలు, విడి సంపు, మిద్దె స్లాబులో రెండు భాగాలకు అదనపు స్టీలు, వీటిలో సంపుదే పెద్ద ఖర్చు. మిగతావన్నీ కలిపి ఆ ముందు గోడ గార్డెన్‌కు అయ్యే ఖర్చు దాటవని నా అంచనా.

మీరు చెప్పనివి రెండున్నాయి, అవి తెలిస్తే ఇంకా కచ్చితంగా చెప్పగలను. రోడ్డు ఏ దిక్కున ఉంది? ఫుటింగులు (స్తంభాల కింది పునాదులు) పోశారా, ఇంకా లేదా? పోయకపోతే రేపే స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫోన్ చేసి మడుల బరువు సంగతి చెప్పండి, మిగతావన్నీ నెలాగినా ఫర్వాలేదు.